ఒకరికి వస్తే ఇద్దరికీ వస్తుందా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు ఏదైనా రాయాలని కబురు వచ్చినప్పుడు, ఏం రాయాలని మేము ఎక్కువ ఆలోచించలేదు. ఈ హాస్టల్లో ఉన్న ఐదేళ్లలో మమ్మల్ని అందరూ అడిగిన ప్రశ్న ఒకటున్నది. వంటమ్మ అడిగింది, వాచ్‌మన్ తాత అడిగాడు, కొత్తగా వచ్చిన ప్రతి ఐదో తరగతి పాపా అడిగింది. "అక్కా, మీరు కవలలు గదా, ఒకరికే ఫిట్స్ వస్తయేంది? ఇంకొకరికి రావా?" అప్పుడు మాకు తెలిసినంత చెప్పేవాళ్లం. ఇప్పుడు చదివి, డాక్టర్లను అడిగి మరికొంత తెలుసుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం. రాసే చేయి ఒకటే అయినా మాట మా ఇద్దరిదీ. అందుకే "మేము" అని రాస్తున్నాం.

మాది దేవరకొండ దగ్గర ఊరు. అమ్మ పుట్టిల్లు డిండికి అవతల, కల్వకుర్తి దిక్కు. అది అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లా. మాలో చిన్నదానికి మొదటిసారి ఫిట్స్ వచ్చింది 2014లో, మేము ఏడో తరగతిలో ఉన్నప్పుడు. అప్పుడు మేము చదువుకుంటున్నది ఇక్కడ కాదు, ఇంకొక చోట. ప్రార్థనలో నిలబడి ఉండగా కింద పడింది. చేతులు కాళ్లు కొట్టుకున్నయి, నోట్లో నురగ వచ్చింది. ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఎవరో ఉల్లిగడ్డ కోసి ముక్కు దగ్గర పెట్టారు. రెండు మూడు నిమిషాల్లో తగ్గింది. తాళాలతోనే తగ్గిందని అందరూ అనుకున్నారు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. చేతిలో తాళం ఉన్నా ఆగుతాయి, లేకున్నా ఆగుతాయి. ఆగే వేళకు చేతిలో ఏది ఉంటే దానికి పేరు వస్తుంది.

నెలలో ఇంకా రెండుసార్లు వచ్చింది. అప్పుడు మా నాయనను పిలిపించి ఇద్దరినీ ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "ఒకదానికే గదా సార్ వచ్చింది" అని నాయన అంటే, "కవలలు కదా, రేపు రెండోదానికి వస్తే ఎవరు జవాబుదారీ?" అన్నారు. మాలో పెద్దది ఆ రోజు లెక్కల పరీక్ష రాయాల్సి ఉంది. ఒక్కసారి కూడా ఫిట్స్ రాని పిల్ల, రాబోయే ఫిట్స్ పేరు మీద ట్రంకుపెట్టె సర్దుకుంది.

ఇంట్లో ఇంకో లెక్క నడిచింది. అవ్వ గాలి సోకిందన్నది. చుట్టాలు మేనరికం చేసుకున్నందుకే అన్నారు. మా అమ్మానాయనలది మేనరికమే. పట్నంలో ఒక డాక్టరు గోలీలు రాసిచ్చాడు. గోలీలు వేసుకుంటున్నా చిన్నదానికి ఫిట్స్ తగ్గలేదు, పెద్దది మాత్రం పొద్దంతా నిద్రమత్తులో తూగేది. రెండు నెలల తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్ద సర్కారు దవాఖానకు పోయినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. డాక్టరు "గోలీలు ఎట్లా వేస్తున్నావమ్మా?" అని అడిగాడు. అమ్మ ఏమీ దాచకుండా చెప్పింది. "ఇద్దరికి చెరి సగం సారూ. ఒక్క కడుపుల పుట్టిన్రు. ఒకదానికొస్తే ఇంకొకదానికి రాదా?"

మా అమ్మ మా ఇద్దరికీ అన్నీ చెరి సగం పెట్టి పెంచింది. జొన్నరొట్టె అయినా, బెల్లం ముక్క అయినా, పండుగకు కొన్న గజం గుడ్డ అయినా. గోలీ కూడా అట్లనే పంచింది. దాంతో ఒకరికి చాలని మందు, ఇంకొకరికి అక్కర్లేని మందు అందాయి. డాక్టరు అమ్మను కోప్పడలేదు. కుర్చీలో కూచోబెట్టి మొదటి నుండి అడిగాడు. ఎక్కడ కన్నావు, ఎవరు ముందు పుట్టారు, ఇద్దరూ పుట్టగానే ఏడ్చారా అని.

మేము పుట్టింది ఇంట్లోనే. కడుపులో ఇద్దరున్నారని పెద్దది పుట్టేదాకా ఎవరికీ తెలియదు. చిన్నది చాలాసేపటికి పుట్టింది, పుట్టి ఏడవలేదు. ఒళ్లు నీలంగా ఉన్నదట. మంత్రసాని అవ్వ కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి కొడితే గానీ ఊపిరి అందుకోలేదట. ఈ సంగతి మా ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునే కథ. డాక్టరు దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. తలకు వైర్లు పెట్టి తీసే ఈఈజీ, తర్వాత ఎంఆర్ఐ చేయించాడు. మెదడులో ఒక పక్క పాత దెబ్బ గుర్తు ఉన్నదని, అది పుట్టినప్పుడు ఊపిరి ఆలస్యం కావడం వల్ల వచ్చినదై ఉంటుందని చెప్పాడు. చర్మం మీద మానిన గాయం మచ్చ మిగిల్చినట్టే మెదడులోనూ మిగులుతుందట. ఆ మచ్చ చుట్టూ ఉన్న కణాలు ఎప్పుడో ఒకప్పుడు, పదేళ్ల తర్వాత కూడా, ఒక్కసారిగా కరెంటు వదలవచ్చు. అదే ఫిట్స్.

"మరి పెద్దదానికి?" అని అమ్మ మళ్లీ అడిగింది.

"ఇద్దరూ ఒక కడుపులోనే ఉన్నారు గానీ, పుట్టుక ఒకటి కాదమ్మా. పెద్దమ్మాయి పుట్టగానే ఏడ్చింది. చిన్నమ్మాయికి తగిలిన దెబ్బ పెద్దమ్మాయికి తగల్లేదు. ఫిట్స్ రాని మనిషికి ఫిట్స్ మందు వేయొద్దు. మొత్తం గోలీ చిన్నమ్మాయికే వెయ్యి."

మా ఇద్దరి సంగతికి అది జవాబు. అందరు కవలలకూ అదే జవాబు కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

కవలల్లో రెండు రకాలున్నారు. ఒకే అండం రెండుగా చీలి ఇద్దరైతే ఏకరూప కవలలు. వాళ్ల జన్యువులు దాదాపు అన్నీ ఒకటే. ఇద్దరూ ఆడపిల్లలో, ఇద్దరూ మగపిల్లలో అయి ఉంటారు. రెండు వేరువేరు అండాల నుండి వస్తే భిన్నరూప కవలలు. వాళ్లు ఒకే రోజు పుట్టిన మామూలు అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములే. జన్యువులు సగటున సగం కలుస్తాయి. మా ఇద్దరి ముఖాలు, ఎత్తు, రంగు వేరు. మేము రెండో రకం.

శాస్త్రవేత్తలు ఈ తేడాను పట్టుకునే పరిశోధన చేశారు. అమెరికాలో విలియం లెనాక్స్ అనే డాక్టరు 20వ శతాబ్దం మధ్యలోనే ఫిట్స్ ఉన్న కవలల వివరాలు సేకరించి పెట్టాడు. 1998లో ఆస్ట్రేలియాకు చెందిన శామ్యూల్ బెర్కోవిక్ బృందం 253 కవల జంటల మీద చేసిన అధ్యయనం ప్రచురించింది. ఒకరికి ఫిట్స్ జబ్బు ఉంటే రెండోవారికి కూడా ఉండే అవకాశం ఏకరూప కవలల్లో నూటికి 60 దాకా, భిన్నరూప కవలల్లో నూటికి 20 లోపు అని తేలింది. జబ్బు రకాన్ని బట్టి కూడా ఈ లెక్క మారింది. మెదడు మొత్తం ఒకేసారి కదిలిపోయే రకం ఫిట్స్‌లో ఏకరూప కవలలకు ఇది నూటికి 80 దాకా పోయింది. మెదడులో ఒకచోట మొదలయ్యే రకంలో ఏకరూప కవలలకు 36 దగ్గర, భిన్నరూప కవలలకు 5 దగ్గర ఆగింది. మాలో చిన్నదానిది ఈ ఒకచోట మొదలయ్యే రకమే.

ఈ అంకెలను రెండు వైపుల నుండీ చూడాలి. ఏకరూప కవలల్లో ఒకరికి వస్తే రెండోవారిని జాగ్రత్తగా గమనించాలన్నది నిజం. జన్యువులన్నీ ఒకటే అయినా నూటికి నూరు పాళ్లు రాదన్నదీ నిజమే. కవలలు కాని మామూలు తోబుట్టువుల సంగతి కూడా చెబుతాం, ఎందుకంటే ఈ సంచిక చదివేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. అమెరికాలోని రోచెస్టర్ ప్రాంతపు వైద్య రికార్డులతో 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 40 ఏళ్లు వచ్చేలోగా ఫిట్స్ జబ్బు పడేవాళ్లు మామూలు జనంలో నూటికి ఒకరి కంటే కొంచెం ఎక్కువ. ఫిట్స్ ఉన్నవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో నూటికి ఐదుగురి లోపు. అంటే అక్కకు ఫిట్స్ ఉన్నా, నూటికి 95 మంది చెల్లెళ్లకు రాదు.

ఇంకొక సంగతి చదివి మేము ఆశ్చర్యపోయాం. ఆస్ట్రేలియాలో లతా వడ్లమూడి అనే న్యూరాలజిస్టు ఉన్నారు. వడ్లమూడి మన తెలుగువాళ్లలో విన్న ఇంటిపేరే. లెనాక్స్ దాచిన పాత కవలల ఫైళ్లను తిరిగి పరిశీలించి 2004లో వ్యాసం రాసినవాళ్లలో ఆమె ఒకరు. కవలలిద్దరికీ ఫిట్స్ ఉన్నప్పుడు ఇద్దరివీ చాలావరకు ఒకే రకం ఫిట్స్ అని ఆ ఫైళ్లలో కూడా కనిపించింది. 2010లో ఆమె, బెర్కోవిక్, వారి సహచరులు ఒక ఏకరూప కవల జంట గురించి రాశారు. ఒకరికి చిన్నతనంలోనే తీవ్రమైన ఫిట్స్, రెండోవారికి ఏమీ లేదు. జన్యువులు చూస్తే ఫిట్స్ ఉన్నవారిలో ఒక జన్యువులో మార్పు ఉంది, రెండోవారిలో లేదు. అండం రెండు కణాలుగా ఉన్న తొలి దశలోనే ఆ మార్పు జరిగి, ఒకరి వైపుకే పోయిందని వాళ్లు తేల్చారు. ఒకే అండం నుండి వచ్చినవాళ్లే ఇంత తొందరగా వేరైనప్పుడు, ఒక ఇంట్లో పుట్టినవాళ్లందరికీ ఒకే రాత రాసి పెట్టడానికి మనమెవరం?

దీనికి ఇంకో వైపు కూడా ఉన్నది. ఇద్దరికీ వచ్చినప్పుడు కూడా అది రక్తంలో వచ్చిందే అనుకోవద్దు. నల్లగొండ జిల్లా వాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఊళ్లలో ఒకే ఇంట్లో అన్నకు, చెల్లెకు, తల్లికి ఎముకలు వంకర్లు పోవడం మన పెద్దలు చూశారు. అది వంశం కాదు, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. అందరూ ఒకే నీళ్లు తాగారు కాబట్టి అందరికీ వచ్చింది. ఫిట్స్‌లోనూ ఇలాంటిది ఉన్నది. పంది మాంసంలో ఉండే బద్దెపురుగు మనిషి పేగుల్లో పెరిగి, గుడ్లు మలంతో బయటకు వస్తాయి. ఆ గుడ్లు కడగని కూరగాయలతోనో, కడుక్కోని చేతులతోనో ఇంకొకరి కడుపులోకి పోతే, పిల్ల పురుగులు మెదడుకు చేరి బుడిపెలుగా నిలుస్తాయి. మన దేశంలో ఫిట్స్‌కు ఇదొక ముఖ్య కారణం. ఎన్నడూ మాంసం ముట్టనివాళ్లకు కూడా రావచ్చు. ఒకే ఇంట్లో తిన్న కవలలకు ఇద్దరికీ రావచ్చు. అప్పుడు చూడాల్సింది జాతకాలు కాదు, మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే సబ్బు.

కవలలు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టడం కూడా ఎక్కువే. ఇద్దరికీ పుట్టుకలోనే ఇబ్బంది కలిగితే ఇద్దరికీ ఫిట్స్ రావచ్చు. మాలాగా ఒకరికే కలిగితే ఒకరికే రావచ్చు. మేనరికం సంగతి కూడా డాక్టరును అడిగాం. దగ్గరి సంబంధాల్లో కొన్ని అరుదైన జబ్బులు పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుందని, ఫిట్స్ తెచ్చేవి కూడా వాటిలో కొన్ని ఉన్నాయని, అందుకే ఆ సంగతి డాక్టరుకు చెప్పడం మంచిదని అన్నారు. కానీ మేనరికం చేసుకున్నారు కాబట్టే ఫిట్స్ అని, పరీక్ష లేకుండా తల్లి మీద నింద వేయడం తప్పు. మా అమ్మ ఆ నింద ఏడాది మోసింది.

కాబట్టి "ఒకరికి వస్తే ఇంకొకరికి వస్తుందా?" అని ఎవరైనా అడిగితే ముందు అడగాల్సింది వేరే ఉన్నది. "మొదటివారికి ఎందుకు వచ్చింది?" ఆ కారణం తెలిస్తేనే రెండోవారి సంగతి చెప్పగలం. భయపడి రెండోవారికి మందు వేయడం, భయపడి రెండోవారిని బడి మాన్పించడం, రెండూ కారణం అడగకుండా వేసే శిక్షలే.

మేము ఎనిమిదో తరగతిలో మన హాస్టల్లో చేరాం. నాయన ఏమీ దాచలేదు, డాక్టరు చీటీ వార్డెన్ మేడం ముందు పెట్టాడు. మేడం చదివి, "ఇద్దరికీ అడ్మిషన్" అన్నది. చిన్నదాని పక్క ట్రంకుపెట్టెలకు దూరంగా, గోడ పక్కన వేయించింది. బావి దగ్గరికి ఒంటరిగా పోవద్దన్నది. గదిలో పన్నెండు మందికీ ఫిట్స్ వస్తే ఏం చేయాలో చేసి చూపించింది. రాత్రి అన్నం తిన్నాక గోలీ వేసుకోవాలి. స్టడీ అవర్ బెల్లు కొట్టగానే ఐదో తరగతి పిల్లలు కిటికీలో నుండి "అక్కా, గోలీ!" అని అరిచేవాళ్లు. ఎన్నిసార్లు అరిచేవాళ్లంటే, ఒక్కోసారి చిన్నది కాదు, పెద్దది లేచి నీళ్లు తెచ్చేది. పరీక్షలప్పుడు అందరూ రాత్రంతా మేలుకొని చదివితే మమ్మల్ని పదింటికే పండుకోబెట్టేవారు. నిద్ర చాలకపోవడం ఫిట్స్‌ను లేపుతుంది. ఇద్దరినీ ఎందుకంటే, పెద్దది చదువుతుంటే చిన్నది పండుకోదు కాబట్టి! ఆ ఒక్క శిక్ష మాత్రం చెరి సగం పంచుకున్నాం.

ఇంటర్ రెండో సంవత్సరం తర్వాత చిన్నదానికి మళ్లీ ఫిట్స్ రాలేదు. గోలీ మాత్రం నడుస్తున్నది, ఎప్పుడు తగ్గించాలో చెప్పాల్సింది డాక్టరే. సొంతంగా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మళ్లీ పెద్దగా రావచ్చు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు ఒకరం నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో, ఒకరం మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్నాం. పుట్టినప్పటి నుండి మొదటిసారి వేర్వేరు గదుల్లో ఉంటున్నాం.

ఇప్పుడు ఆ ప్రశ్న పెళ్లి సంబంధాల రూపంలో మళ్లీ వచ్చింది. చిన్నదాన్ని అడగడానికి వచ్చినవాళ్లు ఫిట్స్ సంగతి విని ఆగిపోతున్నారు. పెద్దదాన్ని అడగడానికి వచ్చినవాళ్లు "చెల్లెకు ఉన్నదంట గదా, రేపు ఈమెకు, ఈమె పిల్లలకు రాదా?" అంటున్నారు. కొందరు చుట్టాలు "చిన్నదాని సంగతి దాచిపెట్టి పెద్దదాని పెళ్లి చేయండి" అన్నారు. మేమిద్దరం ఒప్పుకోలేదు. ఒకరి బతుకు కోసం ఇంకొకరిని దాచిపెట్టే పని మా మధ్య ఉండదని అమ్మానాయనలకు చెప్పాం. డాక్టరు చీటీలు ఫైల్లో పెట్టుకున్నాం, వచ్చినవాళ్ల ముందు పెడతాం. చదివి ఉండేవాళ్లే ఉంటారు.

చెల్లెళ్లు ఒక చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1955 హిందూ వివాహ చట్టంలో, 1954 ప్రత్యేక వివాహ చట్టంలో తరచుగా ఫిట్స్ వచ్చేవారి పెళ్లికి అడ్డుగా ఒక మాట ఉండేది. 1999లో పార్లమెంటు సవరణ చేసి మూర్ఛ అనే ఆ మాటను తీసేసింది. చట్టం ఆ గోడను కూల్చి పాతికేళ్లు దాటింది. మన వాకిళ్లలో మాత్రం అది ఇంకా నిలబడే ఉన్నది. ఇంకొకటి, ఫిట్స్ ఉన్న ఆడపిల్లలు పెళ్లికి, గర్భానికి ముందే డాక్టరును కలవాలి. సోడియం వాల్‌ప్రోయేట్ వంటి మందు కడుపులో బిడ్డకు హాని చేసే అవకాశం ఎక్కువ. వీలైతే ముందుగానే వేరే మందుకు మారుస్తారు. భయపడి ఎవరూ తమంతట తాము మానొద్దు.

చివరిగా హాస్టల్ పిల్లలకు నాలుగు మాటలు. ఎవరికైనా ఫిట్స్ వస్తే గుంపుగా మీద పడొద్దు. గట్టిగా పట్టుకోవద్దు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏమీ పెట్టొద్దు. తల కింద మెత్తటిది పెట్టి, ఒక పక్కకు తిప్పి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఇంకొకటి వచ్చినా 108కు ఫోన్ చేయండి. తగ్గాక తెలివి పూర్తిగా వచ్చేదాకా పక్కన కూచోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు బడికి వచ్చినప్పుడు దాచకుండా చెప్పండి. వాళ్లు చూడాల్సిన జబ్బుల్లో ఫిట్స్ కూడా ఉన్నది. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని, సరైన మందులు అందితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

వార్డెన్ మేడంలకు, సార్లకు మా విన్నపం ఒక్కటే. రేపు మీ దగ్గరికి మాలాంటి జంట వస్తుంది. ఒకరి చేతిలో డాక్టరు చీటీ ఉంటుంది, ఇంకొకరి చేతిలో ఏమీ ఉండదు. చీటీ ఉన్న పిల్లకు గోలీ టైముకు అందేట్టు చూడండి. చీటీ లేని పిల్లకు పుస్తకాలిచ్చి క్లాసుకు పంపండి. ఇద్దరికీ అడ్మిషన్ ఇవ్వండి.